అర అక్షరం ఆలస్యంగా

పర్లాకిమిడిలో మా కచేరీ
బియ్యం మిల్లు గోదాములో.
తవుడు వాసనకి ముందు నేను తుమ్మాను,
తర్వాత మైకు.
మృదంగం ఎడమ మూతికి రవ్వముద్ద అంటిస్తుంటే
ముందు వరసలో ఒక బుడ్డోడు
"అమ్మా, ఉప్మా" అన్నాడు.
బిరడా తిప్పుతున్న సన్యాసిరావు
ఆ రెండు మాటల్నీ అదే గొంతుతో
తీగ మీద అనేశాడు.
వర్ణం మొదలవకముందే మొదటి నవ్వు.

ఉర్లాన సన్యాసిరావు.
పగలు ఐటీఐలో ఫిట్టర్ పని నేర్పుతాడు.
ముప్పై ఏళ్లు సాధకం చేసిన చెయ్యి,
మూడు నిమిషాలు ఊరుకోలేని చెయ్యి.
మా గురువుగారు అనేవారు:
"వాడి కమానుకి గుర్రపు వెంట్రుకలు కావురా,
కోతి తోక కట్టారు."
అని, వాడి కచేరీలన్నిటికీ వెళ్లేవారు,
తలుపు దగ్గర నిలబడి.

ఆ రాత్రి బిలహరి స్వరకల్పన మధ్యలో
వంకాయల బేరం పెట్టాడు.
అమ్మేది కోట వెనక సంతలో అప్పాయమ్మ.
పై షడ్జం మీద బైఠాయించి దిగనంటుంది.
కొనేది గొడుగు పట్టుకొచ్చిన ఒడియా గుమస్తా.
మంద్రంలోంచి "కేతే? కేతే?" అంటూ
ఒక్కో మెట్టూ అనుమానంగా ఎక్కుతాడు.
పదిహేను. పది.
పద్నాలుగున్నర. పది.
ఆమె ఒక గమకంతో మూతి తిప్పుతుంది.
అతను వెళ్లిపోతున్నట్టు నటిస్తాడు,
నాలుగు స్వరాల దూరం కూడా వెళ్లడు.
"ఓలమ్మా, ఇటు రావయ్యా" అని
నిషాదం వెనక్కి పిలుస్తుంది.
పన్నెండుకి ఇద్దరూ కలిసింది
సరిగ్గా సమం మీద.
పాపిష్టివాడు,
ఒక్క మాత్ర తప్పలేదు.

గోదాము కప్పురేకులు దడదడలాడాయి.
తాళం వేస్తున్న చెవి కదా నాది,
అప్పుడే పట్టుకుంది:
నవ్వు ఒకటి కాదు, రెండు.
ఇక్కడ అందరికీ రెండు భాషలూ వచ్చు.
నవ్వు మాత్రం ఇంటి భాషలో తయారై రావాలి.
పిలుపు తెలుగులో కాబట్టి
తెలుగు నవ్వు సమం మీద పడింది,
ఒడియా నవ్వు అర అక్షరం ఆలస్యంగా.
కాసేపటికి గుమస్తా ఇంటికెళ్లాడు,
పెళ్లాం పుచ్చు వంకాయ చూపించి ఒడియాలో తిట్టింది.
ఈసారి మనవాళ్లే వెనక.
అదే అర అక్షరం.

తని నా చేతికొచ్చినప్పుడు
ఏడాదిగా దిద్దుకున్న ముక్తాయింపు ఒకటి ఉంది.
దాన్ని పక్కన పెట్టేశాను.
సమానికి దింపకుండా
ఆ ఆలస్యం మీదికి దింపాను.
ఎవరికీ తెలియలేదు.
సన్యాసిరావు ఒక్కడు
గడ్డం కింద వయొలిన్ తో సహా పక్కకి తిరిగి
కనుబొమ్మ ఎత్తాడు.

మూడో కుర్చీలో భ్రమరబర పాణిగ్రాహి బాబు.
కోర్టులో పేష్కారు చేసి దిగిన మనిషి.
పద్దెనిమిదేళ్లుగా చూస్తున్నాను,
ఆయన పళ్లు ఎలా ఉంటాయో తెలియదు.
ఉప్మాకి నవ్వలేదు, వంకాయకీ నవ్వలేదు.
చేతికర్ర మీద గడ్డం ఆనించి
వాంగ్మూలం వింటున్నట్టు విన్నాడు.

చివర్లో సహానా.
వేషాలన్నీ మూటగట్టి పక్కన పెట్టి
సన్యాసిరావు ఒట్టి మనిషిలా వాయిస్తున్నాడు.
పిల్లలు నిద్రపోయారు.
రేకుల మీద ఎలకలు కూడా మెల్లగా నడిచాయి.
కమాను పంచమం మీద ఆగి
ఊపిరి తీసుకుంటోంది.

అప్పుడు నవ్వాడు పాణిగ్రాహి బాబు.
పెద్దగా. ఒక్కడే. ఆపుకోలేక.
"పుచ్చు!" అన్నాడు, తెలుగులో, ఒక్క మాటే.
గంటంపావు ఆలస్యం.
జనం తలలు తిప్పారు.
పక్కన కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.
నా వేళ్లు తొడ మీద బిగుసుకున్నాయి.
సహానా పోయింది, ఇంక అతకదు అనుకున్నాను.

సన్యాసిరావు కమాను ఎత్తలేదు.
ఆ ముసలి నవ్వు ఎక్కడ తెగిందో
ఆ స్వరం వెతుక్కున్నాడు.
కొంచెం శ్రుతి తక్కువ.
దాన్ని మెల్లగా, దెబ్బ తగలకుండా
పైకి జరిపి,
అక్కడినుంచే రాగం అందుకున్నాడు.
ఈసారి ఎవరూ నవ్వలేదు.
పాణిగ్రాహి బాబు కళ్లజోడు తీసి
పంచె అంచుతో తుడుచుకుంటూ
కచేరీ అయ్యేదాకా మళ్లీ పెట్టుకోలేదు.

మిల్లు యజమాని శాలువాలతో పాటు
తలా ఒక సంచీ ఇచ్చాడు.
ఇంటికొచ్చి మృదంగం మూల పెట్టేసరికి ఒంటిగంట.
సంచీ విప్పి మా ఆవిడ అడిగింది,
"వంకాయలా? ఎంతకి కొన్నారు?"

నేను చెయ్యి కడుక్కున్నాను,
తుడుచుకున్నాను,
లైటు ఆర్పాను.
అప్పుడొచ్చింది.