బాయి

ఒక తలకూ ఇంకో తలకూ నడుమ
ఆ వీఆర్ పెట్టెను తుడిచేది నేను.
స్పిరిట్‌ల ముంచిన దూది, దినానికి నాలుగొందల కూలి.
బల్లార్షా పేపర్ మిల్లు వాసన
కిటికీలకెళ్లి రాకపోతే
ఏ ఊళ్లె ఉన్ననో యాదికే రాదు,
అంత చల్లగ ఉంటది ట్రైనింగ్ గది.

ఓదెలు మామ వచ్చిండు మొన్న.
ఇరవై తొమ్మిదేండ్ల టింబర్ పని,
కుడి చేతికి మూడున్నర వేళ్లు.
నిఖాడే సార్ కండ్లకు పెట్టె కట్టి
"వర్ బఘా, కాకా" అన్నడు. పైకి చూడుమని.
మామ చూడలే.
చెవి ఒగ్గి, లేని గడ్డపారతోని
లేని కప్పును కొట్టిండు.
గట్టి కప్పు కంచు లెక్క మోగుతదట,
కూలే కప్పు పగిలిన కుండ లెక్క.
ఇది ఏ చప్పుడూ చెయ్యలే.
"ఇది కప్పు కాదు సారూ" అంటుండంగనే
ఎర్రటి అక్షరాలు వెలిగినయి:
మీరు చనిపోయారు.
ముందు మరాఠీల, తర్వాత హిందీల.
తెలుగుల చావు ఇంకా ఎక్కించలేదట.

మామ నవ్విండు.
ఫెయిలైన కాయితం నాలుగు మడతలు పెట్టి
సద్ది డబ్బా కింద వేసుకొని డ్యూటీకి పోయిండు,
అసలు కప్పు కిందికి.

సేఫ్టీ వారం ఆఖరి రోజు ఇంటోళ్లను పిలిచిన్రు.
సమోసా, గులాబీ పువ్వు, స్టీలు గ్లాసు,
మనిషికి నాలుగు నిమిషాల బాయి.
పిల్లలు మళ్లీ మళ్లీ చచ్చిపోనీకి లైను కట్టిన్రు.

ఈ ఊరి తమాష చూడుండ్రి.
మా తెలుగుల బాయి అంటే బొగ్గు గని,
వాళ్ల మరాఠీల బాయి అంటే ఆడమనిషి.
"బాయీ, బసా" అన్నడు నిఖాడే సార్.
బానవ్వ కూసున్నది
చేతులు ఒళ్లె పెట్టుకొని.

మామ ఇంట్ల చెప్పిన బాయి వేరే.
లైట్లు బజారు లెక్క ఉంటయట,
నిటారుగ నడవొచ్చునట,
ఎండకాలమైతే ఇంటికన్న నయమట.
వేళ్లు పోయింది క్యాంటీన్ తలుపు సందులనట.

పెట్టె కట్టిన.
మొదలు కుచ్చిళ్లు పైకెత్తుకున్నది,
లోపల నీళ్లున్నయేమో.
తర్వాత తల వంచింది.
ఇంకింత వంచింది.
మా గది కప్పు పన్నెండడుగుల ఎత్తు,
ఆమె గదుమ పోయి రొమ్ముకు తాకింది.
ఆ వంపు నాకెరుకే.
చాయ్ హోటల్‌లకు మామ అట్లనే వంగి వస్తడు,
తలుపు ఎంత ఎత్తున్నా.

గోడకాడ నిలబడ్డ మామ
ఒక అడుగు ముందుకేసి ఆగిండు.
ఎన్నడూ ఆమె రాలేని కాడ ఆయన ఉండెటోడు,
ఇయ్యాల
ఆయన పోలేని కాడ ఆమె ఉన్నది.

గాలిల చెయ్యి తడుముకుంటుంటే
మామ తన చెయ్యి అందిచ్చిండు.
ఆమె చూడకుంటనే వేళ్లు లెక్కపెట్టింది.
ఒకటి, రెండు, మూడు,
సగం కాడ ఆగింది.

"ఏ తలుపు?" అన్నది.

అబద్ధం గూడ ఒక సపోర్టు కట్టెనే.
దాని మీద ఒక ఇల్లు
ఇరవై తొమ్మిదేండ్లు నిలబడ్డది.
నాలుగు నిమిషాలల్ల గుంజి పారేసినం,
గులాబీ పువ్వు చేతికిచ్చి.

అనుభవం ఎట్లున్నదని ఫారంల ఐదు చుక్కలుంటయి.
అడుగుదామని పోయి అడగలే.
పెట్టె తుడువనీకి ఎప్పుడైన ఒక్క దూది చాలు,
ఆ పొద్దు మూడు పట్టినయి.

సోమారం రెండో షిఫ్టుకు
ఆమె గేటు దాకా వచ్చిందని ల్యాంపురూం పిలగాడు చెప్పిండు.
ఏమన్నది? ఏం అనలేదట.
మామ టోపీ పట్టీ బిగిచ్చి
దాని మీద వేలి కణుపుతోని
టక్కున కొట్టి,
చెవి పెట్టి విన్నదట.