వెదురు గొట్టాలు

మార్చి నెల. గుంటూరు యార్డులో
గాలి కూడా తుమ్ముతోంది.
ముక్కుకి తువాలు కట్టుకున్న లియాంగు గారు
తేజ కాయ విరిచి, గింజ నాలిక మీద పెట్టుకుని
కళ్ళనీళ్ళతో బాగుందన్నాడు.

టీ వచ్చేలోగా ఓ కథెత్తుకున్నాడు.
ఆయన దేశంలో డాక్టరు చదువు
మూడో ఏట ఆపేసి తిరిగొచ్చిన సుభానీ
దాన్ని మా తెలుగులోకి వంచాడు:

వాళ్ళ హుబే కొండల్లో యేరెన్ అని ఒకడుంటాడట.
మనిషీ కాడు, కోతీ కాడు.
ఒళ్ళంతా ఎర్రటి జుట్టు.
ఒంటరిగా దొరికావా,
నీ రెండు చేతులూ గట్టిగా పట్టుకుని
నవ్వుతాడట.
నవ్వీ నవ్వీ సొమ్మసిల్లి
లేచాక తింటాడట.

అందుకని వాళ్ళ తాతలు
మోచేతుల దాకా వెదురు గొట్టాలు తొడుక్కుని
అడవికి పోయేవాళ్ళు.
వాడు పట్టుకునేది వెదుర్ని.
కళ్ళు మూసుకుని వాడు నవ్వుతుంటే
మెల్లగా చేతులు లాక్కుని
కొండ దిగొచ్చేయడమే.

అందరం నవ్వాం.
కాటా రాసే నేను నవ్వాను, హమాలీలు నవ్వారు,
తొడాలు తీసే శౌరమ్మ
మండే వేళ్ళు మజ్జిగలో ముంచుకుని మరీ నవ్వింది.

అంకమరావు నవ్వలేదు.
ప్రత్తిపాడు అవతల నుంచి నలభై మూడు టిక్కీలు తెచ్చాడు.
వాటి మీదే కూర్చుని
ఒళ్ళో ఉన్న చేతులకేసి చూసుకుంటున్నాడు.

"మా నాయన కాలంలో తువాలు కింద బేరం,"
అన్నాడు కాసేపటికి.
"షావుకారు మా నాయన చెయ్యి పట్టుకుని
వేళ్ళు నొక్కతా, నవ్వతా ఉండేవాడు.
పక్కన నుంచున్న నాకు తువాలే కనపడేది.
కింద ఏం తెగిందో
ఇంటికెళ్ళి అమ్మకి చెప్పేటప్పుడు తెలిసేది."

ఇప్పుడు తువాలు లేదు.
ఫోన్లో ధర వెలుగుతుంది:
నిన్నటికంటే పదమూడొందలు తక్కువ.

ఏమంటున్నాడని అడిగాడు లియాంగు గారు.
"వెదురు ఎక్కడ దొరుకుద్దంటున్నాడు"
అని చెప్పి సుభానీ
ఖాళీ గ్లాసులు ఏరడం మొదలెట్టాడు.

పొద్దుగూకాక లెక్క కట్టాం.
కమీషను, కూలి, తరుగు, పాత బాకీ.
సంతకం ఎక్కడో తెలీక అతను తడుముకుంటుంటే
చెయ్యి పట్టుకుని చోటు చూపించాను,
"ఏం కాదులే అంకమరావ్, వచ్చే ఏడు చూద్దాం" అంటూ.

అతను నా మొహంలోకే చూస్తున్నాడు.
అప్పుడు తెలిసింది
నేనింకా నవ్వుతూనే ఉన్నానని.

కాటా మీద వేలాడే బల్బు వెలుగులో
కాయదుమ్ము పట్టి
నా మోచేతి దాకా వెంట్రుకలు ఎర్రగా ఉన్నాయి.