తాళం ఇచ్చేముందు

కూలగొట్టే ఇంటికి ఇంత కడుగుడెందుకని
మెట్ల మీదే అడిగేశాను దెయొలిందాని.
జవాబు చెప్పలేదు.
చేతికి బకెట్ ఇచ్చింది.

పోర్తోలో, నదిలోకి జారిపోతున్నట్టుండే వీధి మాది.
కింద మేకులూ తాళ్లూ అమ్మే కొట్టు,
దాని మీద నేను, నా మీద ఆమె.
ముప్పై ఒక్క ఏళ్లుగా
నా నెత్తి మీద ఆమె నేల తుడిచే చప్పుడు వింటేనే
నాకు శనివారమని తెలిసేది.
ఇప్పుడెవరో భవనం కొన్నారు. హోటల్ కడతారట.
ఈ నెలాఖరుకి ఆమె, పై నెలకి నేను.

వంటగట్టు మీద సరంజామా:
సీసాడు తెల్ల వెనిగర్, అట్టపెట్టెలో వంటసోడా,
గల్లుప్పు, వడిలిపోయిన నిమ్మకాయలు నాలుగు,
నీలం తెలుపు చారల సబ్బు కడ్డీ,
మొగుడు వదిలేసిపోయిన పళ్ల బ్రష్.
అన్నీ కలిపితే అయిదు యూరోలు.
బ్రష్‌ని లెక్కెయ్యలేదు.

"రెండూ ఒక్కసారే పొయ్యకు" అంది,
సోడా మీద వెనిగర్ వంచబోతుంటే.
"బుస్సుమని పొంగుతాయి, చూడ్డానికి బాగుంటుంది,
ఆఖరికి మిగిలేవి చప్పటి నీళ్లు.
నా పెళ్లీ అంతే."
ముందు సోడాతో రుద్దాలి. కడగాలి.
ఆ తర్వాతే వెనిగర్.
విడివిడిగా ఇద్దరూ మంచివాళ్లే.

స్నానాల గదిలో కుళాయికి తెల్లటి గార.
వెనిగర్‌లో తడిపిన గుడ్డ
జ్వరమొచ్చిన పిల్ల నుదుటికి చుట్టినట్టు చుట్టి
అరగంట దాని మానాన దాన్ని వదిలేశాం.
ఆ అరగంట కాఫీకి.
కాఫీ మడ్డిని కూడా పారబొయ్యలేదు మహాతల్లి,
చేప వాసన పోవాలని గిన్నెలో పోసి ఫ్రిజ్‌లో పెట్టింది.
ఎల్లుండి ఆ ఫ్రిజ్‌ని లారీలోకి విసిరేస్తారన్నాను.
"తెలుసు" అంది.
నిమ్మచెక్కని ఉప్పులో అద్ది
తలుపు ఇత్తడి పిడిని తోముతూనే ఉంది.

అద్దాలకి పాత వార్తాపత్రికలు.
ఎన్నికలు, ఫుట్‌బాల్, చావు కబుర్లు,
అన్నీ ఉండలు చుట్టి తుడిచేశాం.
చివరి కిటికీ దగ్గర కాగితం అయిపోయింది.
మిగిలింది వకీలు పంపిన నోటీసు. మూడు పేజీలు. నున్నటి, ఖరీదైన కాగితం.
ఆమె నా వైపు చూసింది. నలిపి వెనిగర్‌లో ముంచింది.
ఊహూఁ. ఆ కాగితం తడి పీల్చదు. అద్దం నిండా చారలే.
"చూశావా, దీనికి కూడా పనికిరాలేదు!"
నవ్వాపుకోలేక తడి నేల మీదే కూలబడ్డాను.

పొయ్యి జరిపేసరికి చీకటి పడింది.
దాని వెనక గోడ పలకలు బూడిదరంగువనుకునేది ఆమె.
నేనూ అంతే, నా వంటింట్లోవీ అవేగా.
సోడా ముద్ద మెత్తి, కాస్త ఆగి,
బ్రష్‌తో గీకితే
ఏళ్లనాటి జిడ్డు పాకంలా జారింది.
కింద నీలం.
ముందొక మూల. తర్వాతొక రెక్క.
తర్వాత పిట్ట,
ఎవరో తొందరలో గీశారేమో, ఒక కాలు పొట్టి.
వేయించిన ప్రతి సార్డీన్ పొగా
పీల్చుకుంటూ అక్కడే నిలబడి ఉంది.

దెయొలిందా పళ్ల బ్రష్ పట్టుకుని
చాలాసేపు దాని ఎదురుగా కూర్చుంది.
ఏడ్చిందనుకునేరు. లేదు.
"కాలు కూడా సరిగ్గా తోము" అంది నాతో.

శుక్రవారం తాళాలకి ఒక కుర్రాడొచ్చాడు, గాశ్పర్ అట.
కొలతల టేపు, చెవిలో ఫోను.
గడప దగ్గర ఆగాడు. లోపలికి చూశాడు.
ఫోను పెట్టేశాడు.
ఎవరూ చెప్పకుండానే
వంగి, బూట్లు విప్పుకున్నాడు.

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమంటారు.
ఇల్లాలు వెళ్లిపోయాక చూశాడు వాడు.

సీసాలో సగం వెనిగర్ మిగిలింది. నాకిచ్చి వెళ్లింది.
శనివారం. పైన చప్పుడు లేదు.
బకెట్ నింపుకుని
నా పొయ్యిని గోడ నుంచి లాగుతున్నాను.