కొమ్మలు పాతిన దారి

ఫిబ్రవరి ఆఖరి ఆదివారం.
వంటింటి బల్ల మీద పటం పరిచాం.
మడతలు లేవకుండా నాలుగు మూలలకీ బరువులు:
చక్కెర డబ్బా, ఉప్పు డబ్బా, స్కీ మైనపు ముద్ద,
నాలుగోది హాల్దిస్ మోచెయ్యి.

ఆమెకి డెబ్బై ఒకటి.
ఏడాదిగా ఆమె చూపుకి నడిమధ్య ఒక బూడిదరంగు చిల్లు.
అంచులు కనిపిస్తాయి, మధ్యన ఉన్నదే కనిపించదు.
నా ముఖం కావాలంటే నా చెవి వైపు చూస్తుంది.
"జూకాలు బావున్నాయి" అంటుంది,
ముఖం సంగతి ఎత్తదు.

పటం మాత్రం ఆమె చూడక్కర్లేదు.
వేలు పెట్టి చెప్పేస్తుంది: ఇదిగో ఫిన్సె స్టేషన్,
రైలు మనల్ని మంచులో దించి తలుపేసుకుని పోతుంది.
ఇది చెరువు, గడ్డకట్టి ఉంటుంది, అడ్డంగా పోవచ్చు.
ఇది వాగు నోరు, దీన్ని మాత్రం నమ్మకు,
పైన మంచు, కింద నీళ్ళు, నవ్వుతూ కోసే రకం.
వేలు ఆగినచోట ఒక కాఫీ మరక,
ఎప్పటిదో, ఒక కొండని పేరుతో సహా మింగేసింది.
మా ఇద్దరికీ అది కాఫీ కొండే.

తర్వాత త్రాసు.
ఉన్ని మేజోళ్ళు మూడేసి జతలు. పార. గాలి సంచి.
గోధుమరంగు మేక జున్ను అరకిలో, దాని మీద బేరం లేదు.
నారింజలు ఆరు చాలంటాను నేను. ఎనిమిది అంటుంది.
"మోసేదెవరు?"
"తినేదెవరు?"
బరువు తగ్గాలని టూత్‌బ్రష్ పిడి సగానికి కోసిన మనిషి
నారింజల దగ్గర మాత్రం మహారాణి.
మార్చి ఎండలో మంచు గొయ్యి తవ్వి, వీపు ఆనించి
నారింజ తొక్క ఒలవకపోతే
చలికాలం అయిపోయిందని ఎవరు సంతకం పెడతారు అంటుంది.
మైనాలూ తనే ఏరింది, వాసన చూసి, గోటితో గీరి:
పొడి మంచుకి నీలం, మధ్యాహ్నం మెత్తబడితే ఊదా.
ఎర్రది పక్కకి నెట్టింది.
వాన మంచులోకి ఎవరు పోతారు, ఇంట్లో పడుకోక.

అప్పుడు తర్యై ఫోను, బెర్గెన్ నుంచి. కొడుకు.
నేనూ వినాలని స్పీకర్ పెట్టింది.
"అమ్మా, అక్కడ తెల్లచీకటి కమ్మిందంటే
కాళ్ళకున్న స్కీలే కనపడవు. నేలేదో నింగేదో తెలీదు.
కళ్ళున్నవాళ్ళే దారి తప్పుతారు."
"నేననేదీ అదే."
"ఏమని?"
"కళ్ళున్నవాళ్ళే తప్పుతారని."

అతను చెప్పింది అబద్ధం కాదు.
మూడేళ్ళ కిందట, కాఫీ కొండ పక్కన,
ఆ తెలుపు నన్ను పట్టింది.
నడుస్తున్నానో నిలబడ్డానో తెలీక కడుపులో తిప్పింది.
ఆగే ఉన్నాననుకుంటూ పక్కకి ఒరిగి పడ్డాను.
అప్పటికి హాల్దిస్ చూపు బాగానే ఉంది.
అయినా కళ్ళు మూసేసుకుంది.
ఈస్టర్‌కి ముందు ఊళ్ళోవాళ్ళు దారి పొడుగునా పాతే కొమ్మలున్నాయే,
ఒకదాని దగ్గర నన్ను నిలబెట్టి, తాడు కొస చేతికిచ్చి,
కర్రతో తడుముకుంటూ ముందుకి పోయింది.
గాలి. గాలి. ఆపైన ఎక్కడో టక్‌మని చప్పుడు.
"కొమ్మ!" అని కేక.
తాడు పట్టుకుని నేను వెళ్ళేదాన్ని.
మళ్ళీ తను. మళ్ళీ "కొమ్మ!"
ఆ ఒక్క మాటనే మెట్లుగా వేసుకుని గుడిసె చేరాను,
ముప్పావు గంటో, మూడు గంటలో.

ఇదంతా తర్యైకి చెప్పలేదు.
"మీ అమ్మ వెనకాలే ఉంటాను" అన్నాను.
"వెనకాలా?" అన్నాడు.
కాసేపు ఫోనులో బెర్గెన్ వాన చప్పుడు.
"గుడిసె చేరగానే ఫోన్ చెయ్యండి."

తాడుని చివర్న తూశాం.
త్రాసు మీద అంకె ఆమెకి కనపడదు, నన్ను చదవమంది.
ఆరు వందల ఎనభై.
"నాలుగు వందలు" అన్నాను.
తాడుని చేత్తో ఎత్తి, ఒకసారి ఊపి చూసుకుని,
నా చెవి వైపు నవ్వింది.
"సరే," అంది,
"ఎనిమిదీ పెట్టు."