రెండున్నర జానలు

జడ్చర్ల నుంచి కల్వకుర్తి పోయే తొవ్వల
మూతబడ్డ పల్లినూనె మిల్లుంది.
దాంట్ల విమానం కడుతున్నడు జాన్‌పాషా.
కట్టె అస్థిపంజరం, పైన బట్ట,
నాలుగేండ్ల బోరుమోటర్ల వైండింగు పైసలు.
రెక్కలైనయి. ఇంజను దగ్గుతున్నది.
"ఇగ నోరూ చెవీ నువ్వే పెట్టాలె సార్" అన్నడు,
పోలీసు వైర్‌లెస్సుల ముప్పై రెండేండ్లు
ఓవర్ ఓవర్ అని గొంతు అరగదీసుకున్న నాతోని.

ఏడ పెట్టాలె?
ముక్కు మీద పెడితే సోకుంటదని పాషా.
ఇంజను పక్కన కూసోని ముచ్చటెట్ల ఇంటవురా అని నేను.
కడుపు కింద పెడితే చెల్క కంకర తగులుతది,
పొగగొట్టం మసి కూడా ఆడ్నే.
తోకల దాస్తమంటే
చుక్కాని తీగలు పక్కపొంటి గుంజుతుంటయి,
మాటను నడిమిట్లనే మింగుతయి.
మూడు దినాలు పంచాయితీ.
చాయ్ బాకీ నూటా నలభై.
ఆఖరికి సుద్దముక్కతో గుర్తు పెట్టిన:
సీటు వెనక, వీపు మీద,
తలకాయకు రెండు మూరల దూరం.

ఉక్కుపుల్ల. పొడుగు రెండున్నర జానలు.
అలకు నాలుగో వంతు అంతే గదా.
టీవీ కేబులు సగం ధరకొస్తదన్నడు.
వద్దన్న.
ఎందుకని అడిగిండు. వద్దన్న.

"కట్టె విమానం. దీనికి నేల లేదు."
పాషా నవ్విండు: "ఎగిరేదానికి నేలెందుకు సార్?"
పుల్ల ఒక్కతే మాట్లాడదు నాయినా,
సగం తను, మిగిలిన సగం దాని కింది నేల.
రేకు విమానాలకు ఒళ్లే నేలైతది,
మనం పరుచుకోవాలె.
షాపుల మిగిలిన రాగిపట్టీలు తెచ్చిండు.
ఒక్కోటి రెండున్నర జానలే,
బట్ట లోపల నాలుగు దిక్కులకు
కాకికాలు లెక్క అతికినం.
అంత సందులకు దూరగలిగేది షమీమ్ ఒక్కతే.
ఆ బట్ట కుట్టింది కూడా ఆమెనే,
ఏ కుట్టు ఏడుందో చీకట్ల కూడా తెలుసు.

మీటరు ముల్లు మూడు కాడ మొండికేసింది.
పంపినదాంట్ల పావు వంతు వాపస్.
ఆకురాయితో పుల్ల కొనను గోరంత అరగదీసిన.
మళ్ల గోరంత.
ముల్లు కదల్లే.
అప్పుడు తోకల నుంచి ఆమె గొంతు:
"వాషర్ కింద వార్నీషు గీకలే మీరు.
రాగి రాగిని ముట్టుకుంటలేదు."
కత్తెర కొనతో గీకిన సప్పుడు,
పల్లికాయ ఒలిచినట్టు.
ముల్లు ఒకటింబావుకు దిగింది.

పాషా ఎగిరి గంతేసిండు. నాకు మాట రాలే.
తుంగభద్ర పొంగిన ఒక రాత్రి
అలంపూరు దిక్కు సెట్టు "పడవ పంపుం..." అన్నది,
ఆగింది.
తెల్లారి చూస్తే జాయింటుల తుప్పు,
కందిగింజంత.
ఎవరూ అడగలే. నేనూ చెప్పలే.

పొద్దుగూకినంక సెట్టు ఆన్ చేసినం.
గరగర.
గరగరలకెళ్లి ఒక పైలెట్,
ఎవరికో తన ఎత్తు చెప్తున్నడు.
జవాబు మాత్రం ఇనొస్తలేదు.
శంషాబాదుల నేల మీద పుట్టిన మాట
గుట్టలు దాటి మిల్లుదాక రాదు.
"పైనున్నోళ్లయే ఇనొస్తయన్న మాట," అన్నది షమీమ్
పొట్టు దులుపుకుంట, "ఎప్పట్లెక్కనే."

పాషా మైకు అందుకున్నడు.
చెయ్యి పట్టుకున్న. కాగితం రాలేదింకా,
లైసెన్సు లేక బటన్ నొక్కితివా
నా పాత డిపార్టుమెంటే ఇంటికొస్తది.
బొటనవేలు పక్కకు తీసి
మైకును పెదాలకు ఆనించుకోని
ఉత్తగనే చెప్పిండు
విమానం నంబరు (అదీ రాలే, కల్పించిందే),
తన పేరు, మిల్లు పేరు.
కొంచెం ఆగి, సిగ్గుపడుకుంట, "ఓవర్."

ముప్పై రెండేండ్ల అలవాటు గదా,
"చెప్పు, ఇంటున్న" అన్న.