పరిమితి లోపలే

ఆటుపోట్ల పట్టిక చూసి పెట్టారు సమావేశం.
నీళ్లు వెనక్కి పోయినప్పుడు హెస్ట్‌విక్‌లో ఎవరూ ఇంట్లో ఉండరు,
మైళ్ల కొద్దీ తడి ఇసుక మీద ఉంటారు, వంగిన నడుములతో.
అందుకే పోటు వేళ, నవంబరు గురువారం, ఏడున్నరకి,
చర్చి వెనక హాల్లో,
ఒక హీటరు పనిచేస్తూ, ఒకటి చెయ్యకుండా.

బల్ల వెనక కంపెనీ వాళ్లం ఐదుగురం.
ఐదో మనిషిని నేను. లాబొరేటరీ.
నెలకి నాలుగు సీసాలు, నాలుగు సంతకాలు.
గొట్టం చివర నీళ్లు పట్టి
కొంకర్లు పోయిన వేళ్లతో మూత బిగించి
నికెల్, జింకు, అమ్మోనియా,
అన్నిటికీ ఎదురుగా ఒకే మాట రాస్తాను:
పరిమితి లోపలే.
అబద్ధం కాదు.
ఒక్క అంకె కూడా దిద్దలేదు ఎప్పుడూ.

తెర మీద మా మేనేజరు బొమ్మ చూపిస్తున్నాడు.
కొత్త గొట్టం, ఇంకో ఎనిమిది వందల మీటర్లు లోపలికి.
రోజూ వదిలే నీళ్లు రెండింతలు.
"పలచబడిపోతుంది. సముద్రం పెద్దది కదా."
"తెలుసులే, మేం పని చేసేది అందులోనే"
అని వెనక వరసలోంచి ఎవరో.
ట్రాక్టరు నడిపే పోసల్‌త్వెయిట్ ముసలాయన
టోపీ తియ్యకుండానే లేచాడు:
"గొట్టం ఎక్కడ పెడతారో చెప్పారు, బాగుంది.
వచ్చే ఏటికి పాయ ఎక్కడుంటుందో కూడా చెప్పండి.
పోయినేడు నా బండి నడిచిన చోట
ఇప్పుడు రెండు నిలువుల నీళ్లు."
మేనేజరు ఆ ప్రశ్న రాసుకున్నాడు.
రాసుకోవటం తనకి బాగా వచ్చు.

అప్పుడు లేచింది మావిస్ థ్రెల్‌ఫాల్.
మేనేజరు వైపు చూడలేదు.

"నువ్వు పచ్చకోటు పిల్లవి కదూ.
శుక్రవారం శుక్రవారం నా బండి దగ్గర రెండు పౌండ్ల గుల్లలు.
ఇసుక లేనివి ఏరివ్వమని ఒకటే గొడవ.
ఎలా వండుతావంటే చింతపండు ముద్ద తెచ్చిచ్చావు,
మా ఆయన మిఠాయనుకుని నోట్లో వేసుకున్నాడు."

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను.

"సెప్టెంబరు నుంచి రావటం లేదు.
ఏమ్మా, ఎందుకని?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే
భుజాలు తడుముకుంటారంటారు.
నేను తడుముకోలేదు. చేతులు బల్ల కిందే ఉన్నాయి.
కార్తీకమాసం, ఉపవాసాలు, అని చెబుదామనుకున్నా.
నాలుక చివరిదాకా వచ్చింది.
కార్తీకం సెప్టెంబర్లో రాదని ఈ ఊళ్లో ఎవరికి తెలుసు?

నీళ్లకి పరిమితి ఉంది.
ఆ నీళ్లని రాత్రీ పగలూ వడగట్టుకుని బతికే గుల్ల
తన ఒంట్లో ఎంత దాచుకుందో కొలవమని ఎవరూ అడగలేదు.
ఓ మధ్యాహ్నం, అందరూ భోజనానికి వెళ్లాక, నేనే కొలిచాను.
మావిస్ ఏరిచ్చిన వాటిలో ఆరు. ఎండబెట్టి, నూరి.
ఎదురుగా ఏం రాయాలో తెలియని అంకె వచ్చింది.
ఆ కాగితం ఏ ఫైల్లోనూ లేదు.
మా ఇంట్లో బియ్యం డబ్బా కింద ఉంది.

తిన్న ఉప్పు గుర్తొచ్చింది.
ఏ ఉప్పో తేల్చుకోలేకపోయాను.

మినిట్స్ రాసే కుర్రాడు పెన్ను ఎత్తి ఆగాడు.
మేనేజరు నా మోచేతి మీద చెయ్యి వేశాడు, మెత్తగా,
పిల్లిని సోఫా మీంచి దింపేటట్టు.
తలుపు కింద నుంచి పోటు వాసన.
గోడ దాకా వచ్చేసినట్టుంది.

"కొలిచాను," అన్నాను.
ఇంత చిన్న మాటకి ఇంత గొంతు పడుతుందని తెలీదు.

మావిస్ కోటు జేబులోంచి
అరంగుళం మిగిలిన పెన్సిలు తీసింది,
చేపలు చుట్టే కాగితం మోకాలి మీద పరుచుకుంది.
"మెల్లిగా చెప్పు తల్లీ,
అంకెలు నాకు త్వరగా అందవు."