వెనకనుంచి లెక్క

లెక్క ఎప్పుడూ వెనకనుంచే మొదలుపెడతాను.
ముందున్నవాడు తప్పిపోడు,
వాడి వీపు అందరికీ కనిపిస్తుంది.

అస్మరాలో టీకొట్టు బల్లమీద
నా గళ్ల నోటుపుస్తకం.
మూడు రోజులు, పదమూడు మంది,
తెవెల్దె మామ పికప్పు, దానికి ఒకటిన్నర బ్రేకు.
ట్యూబులు ఇరవై రెండు, అతుకు పడనివి నాలుగే.
అరటిపళ్లు పచ్చివే కొనాలి,
మూడో రోజు ఎక్కుడుకి పండేలా.
ఓక్బాయ్ గురకపెడతాడు, ముస్సియెకి చెవుడు;
ఇద్దరికీ ఒకే గది.
నా చేత్తో ఇంత చక్కగా కుదిరిన సంబంధం
మరొకటి లేదు.

పొద్దున్నే ఊరి అంచున నిలబడితే
కింద లోకం లేదు, మంచు ఉంది.
అక్కణ్ణించి ఎర్రసముద్రం దాకా
తొక్కకుండానే పోవచ్చంటారు కుర్రాళ్లు.
నేను పుస్తకంలో రాసుకున్నాను:
దిగినదంతా ఎక్కాలి.
ఆ పేజీ ఎవరూ అడగలేదు.

నెఫసిత్ మలుపుల్లో
బ్రేకు మీది వేళ్లు నావో కావో తెలియదు.
ముందు చక్రం టిక్కుటిక్కుమనడమే దారి.
పిట్టగోడమీద కుక్కమూతి కోతులు వరసగా కూచుని
మమ్మల్ని లెక్కపెడుతున్నాయి.
వాటికి ఎంత వచ్చిందో
అడిగి ఉండాల్సింది.

గిందాలో నాకు పన్నెండు వచ్చింది.

పేర్లు పిలిచాను, వేళ్లు మడిచాను,
నన్ను నేను మరిచానేమోనని మళ్లీ చూసుకున్నాను.
లేనిది దెబెసాయ్.
అందరికన్నా ముందు బయల్దేరినవాడు,
ఎక్కుడులో మేకపిల్ల,
వచ్చే నెల పోటీకి మా క్లబ్బు పెట్టుకున్న ఒకే ఆశ.

సామాన్లు దింపి, పికప్పు వెనక్కి తిప్పించాను.
మామ ఒక్క మాటా మాట్లాడలేదు,
గేరు మాత్రం గొణిగింది.
ఎంబత్‌కల్లా పైన, పాత రైలుపట్టాల పక్క,
నడుస్తున్నాడు.
చేతిలో బూట్లు, భుజంమీద సైకిలు,
తడి రోడ్డుమీద వట్టి పాదాలు.
మేం దాటిపోయేప్పుడు
కల్వర్టు గోడ వెనక దాక్కున్నాడట.

"పంక్చరు," అన్నాడు.

బొటనవేలితో టైరు నొక్కాను.
రాయి.
మళ్లీ నొక్కాను, వాడికి కాస్త సమయం ఇద్దామని.
వాడి మోకాళ్లు వణుకుతున్నాయి.
చలి అనుకోవడానికి వీలుగా
మంచు కూడా మా మీదికి వచ్చింది.

గిందాలో అందరికీ వినపడేలా చెప్పాను: పంక్చరు.
పుస్తకంలో ట్యూబులు ఇరవై ఒకటి అని దిద్దాను.
ఇరవై ఏళ్లుగా రాస్తున్నాను,
అబద్ధపు అంకె వేసింది ఆ ఒక్కసారే.
మిగిలిన ట్యూబు నా చొక్కా వెనకజేబులో
మూడురోజులూ నడుముకి వెచ్చగా తగులుతూనే ఉంది.

మస్సావాలో ఆ రాత్రి గదులు దండగయ్యాయి.
ఉక్కకి అందరం మేడెక్కి, వరసగా పడుకున్నాం,
గురకకీ చెవుడుకీ నేను చేసిన పెళ్లి
మొదటిరోజే విడాకులు.
ఉప్పుగాలి. ఎవరి నిద్రా ఎవరికీ చెందలేదు.
చీకట్లోనే దెబెసాయ్ అడిగాడు:
"అక్కా, నీకెప్పుడూ భయం వెయ్యలేదా?"
నిద్రపోతున్నట్టు ఊపిరి తీశాను.
అది కూడా తప్పే, తరవాత తెలిసింది.

మూడో రోజు ఎక్కుడు.
పళ్లు పండాయి, నేను లెక్కేసినట్టే.
దోనగొల్లో దాటగానే దాచిన ఎండ,
నెఫసిత్ దగ్గర వాడి వీపు
చిన్నదై, చుక్కయి, మంచులో కలిసింది.
అందరూ కేకలేశారు.
నేను వెనకనుంచి పదకొండు దాకా లెక్కపెట్టి
ఆగాను.

వచ్చేసారి దిగుడులో వాడిది మూడో చోటు.
ముందు ఫ్రెవైని: మలుపులో ఆమె మోచేతులు
ఊయల్లో పిల్లని పట్టుకున్నంత మెత్తగా ఉంటాయి.
వెనక నేను.
కారణం అనే గడిలో
గీత గీసి వదిలేశాను.

మేడమీది ప్రశ్నకి జవాబు
ఇంకా నా దగ్గరే ఉంది.
వేస్తుంది, దెబెసాయ్.
అందుకే కదా వెనక ఉంటాను.